ప్లేట్ కవచంలో చెయ్యి పైకి లేవాలంటే ముందు సరిచేయాల్సింది పట్టీ వేలాడే చోటు

మీరు అడిగింది ఇదీ: 15వ శతాబ్దపు ఇటాలియన్ పద్ధతిలో చేసిన రెడీమేడ్ ప్లేట్ కవచం (ఇనుప పలకలతో చేసే ఒంటి కవచం) కొన్నారు. చేతులు కిందికి వదిలి నిలబడితే అంతా బాగానే ఉంది. లాంగ్‌స్వోర్డ్ పట్టుకుని చెయ్యి భుజం ఎత్తు దాటించబోతే పాల్డ్రన్, అంటే భుజాన్ని కప్పే రేకుల కవచం, పైకి పొడుచుకొచ్చి హెల్మెట్‌కి తగులుతోంది. దండచేతి దగ్గర పట్టీ కోసుకుపోతోంది. పట్టీలన్నీ రెండేసి రంధ్రాలు వదులు చేసి చూశారు. కవచం జారుతోంది తప్ప చెయ్యి అంతకన్నా పైకి లేవడం లేదు. ఇంకా పొడవైన పట్టీలు వేయించాలా?

వేయించకండి. పొడవు పెంచితే ఈ ఇబ్బంది ఇంకాస్త పెరుగుతుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మీ పాల్డ్రన్ ఎక్కడినుంచి వేలాడుతోందో, దాని బరువు ఏ పట్టీ మీద పడుతోందో అక్కడే చిక్కు ఉంది. వేలాడే చోటు కుదిరితే పట్టీలు బిగువుగా ఉన్నా చెయ్యి ఆడుతుంది. ఆ చోటు తప్పితే ఎంత వదులు చేసినా ఆడదు. ముందు చోటు, తర్వాత పొడవు. ఈ వరస తిప్పకండి.

కారణం మన ఒంట్లోనే ఉంది. చెయ్యిని పక్కనుంచి పూర్తిగా తలపైకి ఎత్తినప్పుడు కదిలేది భుజం కీలు ఒక్కటే కాదు. ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 కీలు దగ్గర వస్తాయి, మిగతా 60 వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. ఆ ఎముకతో పాటు కాలర్ బోన్ బయటి కొస కూడా లేచి మెడ వైపు జరుగుతుంది. కావాలంటే అద్దం ముందు చొక్కా లేకుండా నిలబడి, ఒక చేతి బొటనవేలు మెడ మొదట్లో, నడిమి వేలు భుజం కొసన పెట్టి రెండో చెయ్యి ఎత్తి చూడండి. మెడ దగ్గరి వేలు పెద్దగా కదలదు. కొసన ఉన్న వేలు లేచి లోపలికి వచ్చేస్తుంది, దాని పక్కన కండ ఉబ్బుతుంది. కవచాన్ని ఆ కొసన వేలాడదీస్తే ఆ కదలికంతా రేకుకి ఎక్కుతుంది, రేకు పోయి హెల్మెట్‌కి తగులుతుంది.

పట్టీలు విప్పే ముందు ఇరుకు ఎక్కడ పడుతోందో కనిపెట్టండి. కవచాన్ని పొరలు పొరలుగా వేసుకోండి. మొదట లోపలి డబ్లెట్, అంటే కవచం కింద తొడుక్కునే బిగువైన గుడ్డ కోటు, మాత్రమే. తర్వాత ఛాతీ, వీపు పలకలు. ఆపైన చేతుల కవచం. తర్వాత పాల్డ్రన్, కానీ దండచేతి పట్టీ పెట్టకుండా. తర్వాత ఆ పట్టీ పెట్టి. చివర హెల్మెట్. ప్రతి పొర దగ్గరా మూడు పనులు చేయండి: రెండు చేతులతో కత్తి పట్టుకున్నట్టు పిడికిళ్ళను నుదుటి పైకి ఎత్తండి, కుడి చేత్తో ఎడమ భుజం తాకండి, మోచేతులు రెండూ వెనక్కి లాగండి. ఎవరిచేతనైనా ముందునుంచి, వెనకనుంచి వీడియో తీయించుకోండి, ఎందుకంటే వెనక ఏం జరుగుతోందో వేసుకున్న మనిషికి అస్సలు తెలియదు. ఏ పొర దగ్గర కదలిక ఒక్కసారిగా తగ్గిందో అదే మీ రోగం ఉన్న చోటు.

చాలామందికి అది మొదటి పొరలోనే దొరుకుతుంది. డబ్లెట్ మాత్రమే వేసుకుని చేతులెత్తితే దాని అంచు నడుము మీదనుంచి పైకి లేస్తోందా? లేస్తే అది మీతో పాటు పైనున్న ఇనుమునంతా లేపుతోందన్నమాట. కారణం చంక రౌండ్ మరీ కిందికి కోయడం. వదులుగా ఉంటే చెయ్యి బాగా ఆడుతుందని అనుకుంటాం కానీ, టైలరింగ్ తెలిసిన ఎవరినడిగినా చెబుతారు: చంక కిందికి దిగేకొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు బట్ట మొత్తం పైకి లాగుతుంది. చంక కింద గుడ్డ ఒంటికి ఆనేంత ఎత్తులో ఉండాలి. వెడల్పు కావాలంటే ముందు ఛాతీ మీదికి, వెనక వీపు మీదికి తీసుకోవాలి. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరపు వస్త్ర మ్యూజియంలో, 1364లో చనిపోయిన చార్ల్ ద బ్లువా అనే ఫ్రెంచ్ ప్రభువుది అని చెప్పే ఒక పూర్‌ప్వాన్, అంటే డబ్లెట్ లాంటి దూది కోటు, ఉంది. దాని చంక కోత సరిగ్గా ఇలాగే ఉంటుంది. దాని నమూనా కాగితాలు దొరుకుతాయి, మంచి టైలర్ చేత కుట్టించుకోవచ్చు.

ఇంకో సంగతి, రెడీమేడ్ కవచంతో పాటు అమ్మే గాంబెసన్ అనే మందపాటి దూది కోటు వేసుకుంటుంటే దాన్ని పక్కన పెట్టేయండి. అది ప్లేటు కింద వేసుకునేది కాదు. ఇంగ్లండ్‌లో 15వ శతాబ్దం మధ్యలో, నేల మీద నిలబడి పోరాడే యోధుడు సుఖంగా ఎలా కవచం తొడుక్కోవాలో వివరిస్తూ రాసిన చిన్న పాఠం ఒకటి మనకు మిగిలింది. అందులో యోధుడికి చొక్కా కూడా వద్దంటాడు. శాటిన్ లైనింగ్ వేసిన ఫస్టియన్ (దళసరి నేత) గుడ్డ డబ్లెట్, నిండా రంధ్రాలు కోసినది, అంతే. చంకలోనూ మోచేతి మడతలోనూ గొలుసు కవచం (ఇనుప కడియాలల్లిన వల) ముక్కలు కుట్టాలంటాడు. పాయింట్లు, అంటే కవచాన్ని డబ్లెట్‌కి కట్టే తాళ్ళు, క్రాస్‌బో నారికి వాడే సన్నటి పురితో పేని, చెప్పులు కుట్టేవాళ్ళ మైనం పట్టించమంటాడు. అప్పుడవి సాగవు, తెగవు అని కారణం కూడా రాశాడు. ఈ మాట ఇప్పటికీ పనికొస్తుంది. మీ కవచంతో పాటు వచ్చిన సన్నటి తోలు తాళ్ళు చెమటకి తడిసి సాగుతాయి. పొద్దున కుదిర్చిన ఎత్తు మధ్యాహ్నానికి ఉండదు. నారపురి పేని మైనం పట్టించి వాడండి.

రెండో పొర, ఛాతీ, వీపు పలకలు. వీటి బరువు నడుము మీద కూర్చోవాలి. నడుము బెల్టు వదులుగా ఉంటే ఆ బరువంతా భుజాల పట్టీల మీద పడుతుంది, మీరు చెయ్యి ఎత్తిన ప్రతిసారీ మూపు కండరం దాన్ని కూడా మోస్తూ ఎత్తాలి. ముందు నడుము బెల్టు బిగించి, పలక తుంటి పైన నడుము సన్నబడే చోట కూర్చున్నాక భుజం పట్టీలు పెట్టుకోండి. ఆ పట్టీల కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. వాటి బకిల్ భుజం నెత్తిన ఉంటే, కాలర్ బోన్ కిందికి, ఛాతీ వైపుకి మార్పించండి. నెత్తిన ఉన్న బకిల్ పైన పాల్డ్రన్ రేకు వచ్చి ఎక్కుతుంది. ఒకే అంగుళంలో రెండు కవచాలు చోటుకోసం కొట్టుకుంటుంటే పట్టీ పొడవు ఏం చేస్తుంది!

ఇక అసలు విషయం, పాల్డ్రన్ వేలాడే చోటు. రెడీమేడ్ వాటిలో పై రేకు మధ్యన ఒక తోలు నాలుక, దానికో బకిలో రెండు రంధ్రాలో ఉంటాయి. చాలావాటిలో ఆ నాలుక పొట్టిగా ఉండి భుజం కొస దగ్గరే ముగుస్తుంది. దాన్ని మార్చండి. మెడ మొదలుకి రెండు మూడు వేళ్ళ దూరంలో కట్టు పడేలా కొత్త నాలుక వేయండి. అంటే పాల్డ్రన్ ఉన్న చోటే ఉంటుంది, దాన్ని పట్టుకునే ముడి మాత్రం మెడ వైపుకి జరుగుతుంది. కట్టడానికి రెండు దారులున్నాయి. డబ్లెట్‌కి పాయింటుతో కట్టవచ్చు, లేదా గోర్జెట్, అంటే మెడ కవచం, ఉంటే దానికి బకిల్‌తో తగిలించవచ్చు. 16వ శతాబ్దంలో గోర్జెట్ దారే ఎక్కువ. 15వ శతాబ్దపు ఇటాలియన్ కవచానికి డబ్లెట్ దారి ఆ కాలానికి సరిపోతుంది, పైగా ఎత్తు కుదుర్చుకోవడం తేలిక. డబ్లెట్ మీద ఆ చోట లోపలివైపు అదనంగా గట్టి నారగుడ్డ ముక్క వేయించండి, లేకపోతే బరువుకి కన్నం చిరిగిపోతుంది.

నాలుక వెడల్పు కూడా చూసుకోండి. మరీ సన్నగా ఉంటే పాల్డ్రన్ ముందుకీ వెనక్కీ ఊగి, చివరికి ముందుకి దొర్లి కూర్చుంటుంది. మరీ వెడల్పుగా ఉంటే భుజం తిరిగినప్పుడు అది తిరగదు. పై రేకు దగ్గర 40 మిల్లీమీటర్లు ఉండి మెడ వైపు 25కి సన్నబడేలా కోస్తే రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

చేతుల కవచం కట్టే పాయింటు పాల్డ్రన్‌ది కాదు, వేరే. ఇటాలియన్ పద్ధతిలో మోచేతి కవచంతో కలిసిన చేతి భాగం విడిగా డబ్లెట్‌కి వేలాడుతుంది, దాని మీద పాల్డ్రన్ కప్పుకుంటుంది. ఈ రెండిటినీ ఒకే తాడుతో కట్టకండి. చేతి భాగం పాయింటు కట్టేటప్పుడు మోచెయ్యి మడిచి, చెయ్యి కాస్త ముందుకి ఎత్తి ఉంచండి. కిందికి వేలాడేసి కడితే మడిచినప్పుడు మోచేతి కప్పు సరైన చోట కూర్చోదు, చెయ్యి ఎత్తితే తాడు ముందే బిగిసిపోయి ఉంటుంది.

దండచేతి పట్టీ సంగతి. కోసుకుపోతోందన్నారు కదా, అది ఇప్పుడు చేయకూడని పని చేస్తోంది: పై కట్టు తప్పు చోట ఉండటంతో పాల్డ్రన్‌ని కిందికి లాగి పట్టుకునే భారం దాని మీద పడింది. పై నాలుక సరిచేశాక దానికి మిగిలే పని చిన్నది, కింది రేకు చేతినుంచి దూరంగా ఎగరకుండా చూడటం. దాన్ని భుజం కండ ఉబ్బు ముగిసే చోట, దండచేతి ముందు కండ (బైసెప్స్) మొదలయ్యే ముందు పెట్టండి. చెయ్యి మడిచి కండ బిగించినప్పుడు రెండు వేళ్ళు దూరాలి. బకిల్ చంక వైపు కాకుండా దండచేతి వెనక, బయటివైపు రావాలి. ఈ పట్టీని పూర్తిగా వదిలేసి కూడా చెయ్యి లేవకపోతే మీ సమస్య ఈ పట్టీ కానే కాదు, దాన్ని ముట్టుకోకండి.

ఇప్పుడు బయటికి కనిపించని పట్టీలు, రేకుల లోపల ఒకదాన్నొకటి పట్టుకునే తోళ్ళు. నన్నడిగితే పాల్డ్రన్ ప్రాణమంతా వీటిలోనే ఉంది, అమ్మేవాళ్ళు అందరికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేదీ వీటిమీదే. ముందు పాల్డ్రన్‌ని ఒంటి మీదనుంచి తీసి చేతుల్లో పట్టుకోండి. పై రేకు ఒక చేత్తో, కింది రేకు ఒక చేత్తో పట్టుకుని దగ్గరికి నొక్కండి. మడత గొడుగు కాడలా రేకులు ఒకదాని కిందికి ఒకటి నున్నగా జారాలి. లాగితే సాగాలి, కానీ పూర్తిగా సాగినప్పుడు కూడా ఒక రేకు మీద ఇంకోటి కనీసం 10 నుంచి 12 మిల్లీమీటర్లు కప్పి ఉండాలి. చేతుల్లోనే జారకపోతే రేకుల వంపులు ఒకదానికొకటి సరిపోలేదన్నమాట. అది ఇనుము పని, తోలుతో బాగుపడదు.

జారితే, తోళ్ళు ఒక్కొక్కటే చూడండి. మామూలుగా ముందువైపు ఒకటి, నడినెత్తిన ఒకటి ఉంటాయి. వెనక ఇంకో తోలైనా ఉంటుంది, లేదా పొడవాటి గాడిలో జారే రివెట్ ఉంటుంది. ఈ మూడింటి పని ఒకటి కాదు. చెయ్యి కిందికి వేలాడినప్పుడు నడిమి తోలు పూర్తిగా సాగి బరువు మోస్తుంది. చెయ్యి పక్కకి ఎత్తినప్పుడు అదే ముడుచుకుంటుంది. చెయ్యి ఛాతీకి అడ్డంగా వచ్చినప్పుడు ముందువైపు రేకులు దగ్గరికి చేరతాయి, వెనకవైపు రేకులు విచ్చుకోవాలి. కాబట్టి వెనకవైపు వదులు ఎక్కువ కావాలి. రెడీమేడ్ వాటిలో మూడు తోళ్ళూ ఒకే కొలతతో కోసి, రేకుల మధ్య ఒకే దూరంలో రివెట్ కొట్టేస్తారు. అందుకే మీకు కుడిచేత్తో ఎడమ భుజం తాకడం కష్టమవుతుంది, ఆ విషయం మీరు రాయలేదు కానీ పరీక్షించి చూడండి.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందువైపు తోలు దాదాపు ఉన్నట్టే ఉంచుతాను. నడిమి తోలును చెయ్యి వదిలినప్పుడు సరిగ్గా సాగేంత పెట్టుకుంటాను, మిల్లీమీటర్ కూడా అదనం ఇవ్వను, ఎందుకంటే పాల్డ్రన్ పొడవును నిలబెట్టేది అదే. వెనక తోలుకి మాత్రం ఒక్కో రేకు మధ్య 8 నుంచి 12 మిల్లీమీటర్ల వదులు ఇస్తాను. వెనక జారే రివెట్లు ఉంటే ఆ గాడి పొడవు అంతే చేయవచ్చు, రౌండు ఫైలుతో నిదానంగా. ఇక్కడ మీకు తెలియాల్సింది, వదులు మొత్తం ఒకే రేకుకి ఇవ్వకూడదు. ఇస్తే అక్కడ సందు తెరుచుకుంటుంది, కత్తి మొన అక్కడే దూరుతుంది. అన్ని రేకులకీ పంచండి.

కొలతలు కుదిరేవరకు రివెట్ కొట్టొద్దు. పాత రివెట్లను లోపలివైపు తల ఫైలుతో అరగదీసి సన్నటి పంచ్‌తో తోసేయండి, ఉలితో కొడితే రేకు వంగుతుంది. వాటి బదులు ఎం4 (4 మిల్లీమీటర్ల) బోల్టులు, లాక్ నట్లు వేసుకుని కొన్నాళ్ళు ప్రాక్టీస్ చేయండి. బోల్టు తీసి తోలు మార్చడం తేలిక, కన్నం ఇంకోచోట వేయడం తేలిక. ఒంటికి కుదిరిందన్న నమ్మకం వచ్చాక అసలు రివెట్ వేయండి. తోలు వైపు వాషర్ తప్పనిసరి, లేకపోతే రివెట్ తల తోలును చీల్చుకుని బయటికి వస్తుంది. రేకుకీ రేకుకీ మధ్య జారే రివెట్ కొట్టేటప్పుడు ఆ సందులో పోస్ట్‌కార్డు లాంటి అట్టముక్క పెట్టి కొట్టి, తర్వాత లాగేయండి. అంత ఖాళీ మిగిలితేనే అది జారుతుంది.

తోలు గురించి కొంచెం పట్టుదలగానే చెబుతాను. వేలాడదీసే నాలుకకీ, బకిల్ పట్టీలకీ 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల మందం, చెట్టు చెక్కతో, అంటే బెరడుతో, ఊనిన (వెజిటబుల్ టాన్డ్) తోలు కావాలి. క్రోమియం లవణాలతో ఊనిన క్రోమ్ తోలు మెత్తగా ఉంటుంది కానీ బరువు మోస్తే సాగుతూనే ఉంటుంది. వెన్ను పక్క భాగం నుంచి, వెన్ను వెంబడి నిలువుగా కోయించండి. పొట్ట భాగం తోలు చవగ్గా ఇస్తారు, అది సాగిపోతుంది. లోపలి తోళ్ళు మాత్రం పల్చగా, 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, 20 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. అవి రేకులు ముడుచుకున్నప్పుడు మడత పడాలి. అక్కడ మందపాటి తోలు వేస్తే గట్టిదనం కోసం వేశామనుకుంటాం, నిజానికి అది రేకుల మధ్య చీలలా అడ్డం నిలబడుతుంది. మీరు ఇండియా వచ్చినప్పుడు కొనదలచుకుంటే చెన్నై వైపు ఈస్ట్ ఇండియా తోలు అడగండి. తంగేడు చెక్కతో తోళ్ళు ఊనే పద్ధతి దక్షిణాదిలో చాలా పాతది, బతుకమ్మలో పేర్చే ఆ తంగేడు చెట్టు బెరడే. ఆ రకం తోలు పల్చగా దొరికితే లోపలి పట్టీలకి బాగా పనికొస్తుంది.

కోసిన పట్టీలను తడిపి, బరువు కట్టి ఒక రాత్రి వేలాడదీసి, నీడలో ఆరబెట్టండి. సాగేదేదో ముందే సాగిపోతుంది, మీ కొలత తర్వాత మారదు. ఆరాక పల్చగా మైనం రాయండి. నూనె ఎక్కువ పట్టిస్తే మెత్తబడి మళ్ళీ సాగుతుంది. చెక్క తోలు తడిగా ఇనుముకి ఆనుకుని ఉంటే నల్ల మచ్చలు, తుప్పు వస్తాయి. అందుకని రేకు లోపలివైపు కూడా మైక్రోక్రిస్టలిన్ వాక్స్ పూసి, ప్రతి ప్రాక్టీస్ తర్వాత కవచాన్ని గాలికి ఆరబెట్టాకే బ్యాగులో పెట్టండి.

ఇవన్నీ చేశాక ఎంత కదలిక ఆశించవచ్చు? పిడికిళ్ళు నుదుటి పైకి, మోచేతులు ముందుకి, ఇబ్బంది లేకుండా రావాలి. ఒక చేత్తో కత్తి పిడి, ఇంకో చేత్తో అలుగు మధ్య పట్టుకుని పోరాడే హాఫ్‌స్వోర్డ్‌కి ఇదే ముఖ్యం, ప్లేటులో ఎక్కువ పోరాటం అలాగే జరుగుతుంది. చేతులు చెవులకి ఆనేలా నిట్టనిలువుగా లేపడం మాత్రం పెద్ద ఇటాలియన్ పాల్డ్రన్‌తో ఆశించకండి, దాని అవసరమూ తక్కువే. అలాగే మోచేతులు వెనక్కి లాగినప్పుడు పాల్డ్రన్ల వెనక రెక్కలు వీపు మీద ఒకదానికొకటి తగలడం ఆ కాలపు పనిలోనే ఉంది. వీపును కాపాడటానికే అవి అంత వెడల్పు. గ్లాస్గోలో కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో సుమారు 1440 నాటి మిలాన్ కవచం ఉంది, వెళ్ళే వీలుంటే వెనకవైపు నిలబడి చూడండి. కుడి పాల్డ్రన్ ఎడమదానికన్నా చిన్నదిగా, చంక దగ్గర కోసినట్టు ఉంటే అది కూడా లోపం కాదు. ఈటె చంకలో ఇరికించి పట్టుకోవడానికి ఆ చోటు. రెండూ సమానంగా చేయించాలని దాని పట్టీలు లాగి కట్టకండి.

ఒక్క సందర్భంలో మాత్రం పట్టీల పని మొదలుపెట్టకుండానే ఆపేయండి. పాల్డ్రన్ లేకుండా, ఛాతీ పలక మాత్రం వేసుకుని రెండు పిడికిళ్ళూ ఛాతీ ముందు కలపబోతే దండచేతులు పలక అంచులకి కొట్టుకుంటున్నాయా? అలాగైతే పలక చంకల దగ్గర మీకు మరీ వెడల్పు. అందరికీ సరిపోవాలని వెడల్పుగా చేసే రెడీమేడ్ పలకల్లో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటప్పుడు కవచాలు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్ళి, చంక అంచు వెనక్కి కోయించి, అంచు మళ్ళీ బయటికి మడిపించాలి. ఆ అంచు మడత వదిలేయమనకండి, జారి వచ్చే మొనను చంకలోకి పోకుండా ఆపేది అదే. ఆ పని అయ్యాకే పాల్డ్రన్ కొలతలు తీసుకోండి, ఎందుకంటే పలక మారితే పాల్డ్రన్ కూర్చునే చోటు కూడా మారుతుంది.